సరస్సు మీద సేద్యం, సున్నపు నీటిలో మొక్కజొన్న : ఆజ్‌టెక్ సమాజపు నిత్యజీవనం

ఆజ్‌టెక్ నాగరికత పేరు వినగానే పాఠ్యపుస్తకాలు చదివినవారికి స్ఫురించేవి రెండు: మెట్ల పిరమిడ్లు, నరబలి. రెండూ వాస్తవాలే. అయితే 15వ శతాబ్దంలో మెక్సికో లోయలో జీవించిన సామాన్య కుటుంబానికి రోజులో అధికభాగం గడిచినది ఆలయ సోపానాల వద్ద కాదు. కాలువ గట్టున, సన్నికల్లు ముందు, కదురు వద్ద. నాగలి, కాడెద్దులు, బండి చక్రం, ఇనుప పనిముట్టు ఏవీ లేకుండానే ఒక మహానగరాన్ని పోషించిన ఆ సమాజపు దైనందిన వ్యవస్థ వ్యవసాయ శాస్త్ర విద్యార్థులకు, విస్తరణ రంగంలో పనిచేసేవారికి ప్రత్యేకంగా పరిశీలించదగినది. పంట, ఆ పంట పండే భూమిపై హక్కు, దానిని వండే పద్ధతి అనే మూడూ అక్కడ ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉండేవి. ఆ పెనవేత తెగినచోట ఏమి జరిగినదో కూడా చరిత్రలో నమోదై ఉన్నది.

“ఆజ్‌టెక్” అనే పేరు తరువాతి చరిత్రకారుల వాడుకలో స్థిరపడినది. ఆ ప్రజలు తమను మెషికాలని చెప్పుకొనేవారు; వారి భాష నాహువాత్ల్. సంప్రదాయం ప్రకారం 1325లో తెస్కోకో సరస్సులోని ఒక బురద దీవి మీద వారు తెనోచ్‌తిత్లాన్ నగరాన్ని స్థాపించారు. 1428లో తెస్కోకో, త్లాకోపాన్ నగరాలతో కూటమి కట్టి సామ్రాజ్యాధిపత్యం సాధించారు. 1521 ఆగస్టు 13న ఆ నగరం స్పానిష్ సేనాని ఎర్నాన్ కోర్తెస్‌కు, అతనికి తోడు నిలిచిన త్లాష్కలా మొదలైన స్థానిక శత్రురాజ్యాలకు వశమైనది. అనగా సామ్రాజ్యం నిలిచినది నూరేళ్లలోపే. మనకు తెలిసిన వివరాలలో చాలాభాగం ఆక్రమణానంతరం స్థానిక లేఖకులు గీసిన మెన్దోసా చిత్రగ్రంథం, బెర్నార్దినో దె సహగున్ అనే క్రైస్తవ సన్యాసి నాహువా విద్యావంతుల సహాయంతో సంకలనం చేసిన 12 భాగాల గ్రంథం, అలోన్సో దె సొరీతా అనే స్పానిష్ న్యాయాధికారి వ్రాసిన నివేదిక వంటి వాటినుండి లభించినవే. ఓడినవారి జీవితం గెలిచినవారి పర్యవేక్షణలో నమోదైనదన్న సంగతి వీటిని చదివేటప్పుడు విస్మరించరాదు.

సరస్సు పొలమైన విధం

మెక్సికో లోయ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. చుట్టూ కొండలు, నీరు బయటకు పోవడానికి సహజమైన దారి లేదు. వాన నీరంతా ఒకదానితో ఒకటి కలిసిన ఐదు లోతులేని సరస్సులలో చేరేది. వాటిలో అన్నింటికంటే పల్లంలో ఉన్న తెస్కోకోలో లవణాలు పేరుకొని నీరు ఉప్పగా ఉండేది. దక్షిణాన ఉన్న సోచిమిల్కో, చాల్కో సరస్సులు ఊటల నీటితో నిండే మంచినీటి సరస్సులు. వర్షాలు ప్రధానంగా జూన్ నుండి సెప్టెంబరు వరకు కురుస్తాయి. అక్టోబరు దాటితే రాత్రివేళ గడ్డకట్టే మంచు పైరును మాడ్చివేస్తుంది. వర్షం ఆలస్యమై విత్తనం ఆలస్యమైతే గింజ పాలు పోసుకొనే దశలో పైరు మంచుకు చిక్కుతుంది. కొండవాలు మెట్టసేద్యంలో ఈ భయం ఏటా ఉండేది.

ఈ చిక్కుకు వారు కనుగొన్న పరిష్కారమే చినాంపా. దీనిని “తేలే తోట” అని వర్ణించడం ఎంత ప్రసిద్ధమో అంత పొరపాటు. చినాంపా తేలదు. లోతు తక్కువగా ఉన్న చిత్తడిలో పొడవైన దీర్ఘచతురస్రంగా హద్దు గుర్తించి, చుట్టూ గుంజలు పాతి, నీటి కలుపు మొక్కల తుక్కు, సరస్సు అడుగు బురద పొరలు పొరలుగా వేసి, నీటిమట్టానికి కొంచెం ఎత్తుగా మడిని లేపేవారు. అంచుల వెంట అహువెహోతే అనే విల్లో జాతి చెట్లు నాటితే వాటి వేళ్లు గట్టును పట్టి ఉంచేవి. ఈ చెట్టు కొమ్మలు నిటారుగా పెరుగుతాయి గనుక మడిపై నీడ పెద్దగా పడదు. మడుల మధ్య మిగిలిన నీరే కాలువ, అదే పడవ దారి. మడి వెడల్పు తక్కువ కాబట్టి ఇరువైపుల కాలువల నీరు కేశాకర్షణ ద్వారా వేరుమండలానికి చేరేది. పైగా కాలువ నీరు పగటి వేడిని నిలుపుకొని రాత్రి మంచు తీవ్రతను కొంత తగ్గించేది.

నారు పెంచే పద్ధతి మరింత గమనించదగినది. మడి అంచున మెత్తని బురదను పలుచగా పరచి, అది కాస్త గట్టిపడగానే కత్తితో చిన్న చతురస్రపు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కలో ఒక్కొక్క గింజ పెట్టేవారు. మొలక బలపడిన తరువాత ఆ మట్టిముక్కతో సహా ప్రధాన మడిలో నాటేవారు. నేడు ప్రోట్రేలలో పెంచిన కూరగాయల నారును వేరు కదలకుండా నాటడంలో ఉన్న సూత్రమే ఇది. దీనివల్ల ఒక పంట కోతకు రాకముందే తరువాతి పంట నారు సిద్ధంగా ఉండేది. మడి ఖాళీగా పడి ఉండే కాలం దాదాపు లేదు. సారం కోసం ఏటా కాలువలలోని పూడిక మట్టిని తీసి మడిమీద పోసేవారు. నగరంలోని మానవ విసర్జితాలు కూడా పడవలలో సేకరించబడి ఎరువుగా వినియోగమయ్యేవి. పూడిక తీయడం వలన కాలువ లోతు నిలిచేది, మడి సారం పెరిగేది. ఒక్క పనితో రెండు ప్రయోజనాలు.

మొక్కజొన్న, చిక్కుడు జాతి గింజలు, గుమ్మడి, తోటకూర జాతి ధాన్యం, చియా, మిరప, టమాట, పూలు అక్కడి పంటలు. మెట్ట గట్లమీద కిత్తనార, నాగజెముడు పెంచేవారు. దున్నే పశువులు లేవు గనుక పనిముట్టు ఒక్కటే: కొన వెడల్పుగా చెక్కి, కాలితో నొక్కి నేలలోకి దించే కర్ర. మాంసానికి టర్కీ కోళ్లు, కుక్కలు ఉండేవి. అంతకు మించి సరస్సే ఆధారం. చేపలు, బాతులు, కప్పలు, నీటి పురుగుల గుడ్లు, నీటిపై తెట్టుకట్టే నీలిఆకుపచ్చ నాచు అన్నీ ఆహారమే. ఆ నాచు నేడు స్పిరులినా పేరుతో పోషకాహార దుకాణాలలో అమ్ముడవుతున్న జాతికి చెందినది.

రవాణా విషయం చెప్పనిదే చినాంపా ప్రాధాన్యం పూర్తిగా బోధపడదు. నుదుటి పట్టీతో వీపున బరువు మోసే కూలీ సుమారు 23 కిలోలు మోసేవాడు. దూరం పెరిగేకొద్దీ మోసిన ధాన్యంలో కొంత అతని తిండికే సరిపోయేది. పడవలో అయితే ఒక్క మనిషి అంతకు అనేక రెట్లు తేగలడు. లక్షన్నర నుండి రెండు లక్షల వరకు జనాభా ఉన్నదని పలువురు అంచనా వేసిన నగరం సరస్సు నడుమ నిలవగలగడానికి ఇదే కారణం. కావలసిన తిండి పడవ దూరంలోనే పండేది.

అయితే ఉప్పునీరు దక్షిణ, పశ్చిమ భాగాలలోకి చొచ్చుకొని వస్తే ఈ సాగు నిలవదు. 1449 నాటి వరద తరువాత తెస్కోకో రాజు నెసహువల్‌కోయోత్ల్ పర్యవేక్షణలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున రాయి, కొయ్యలతో అడ్డుకట్ట నిర్మించబడినది. అది వరదను ఆపడమే కాక ఉప్పునీటిని మంచినీటినుండి వేరు చేసినది. చపుల్తెపెక్ ఊటనుండి నగరానికి తాగునీరు తెచ్చే కాలువను జంటగా కట్టారు. ఒకదానిని శుభ్రపరిచేటప్పుడు రెండవదానిలో నీరు పారేది. తూములు, కట్టలు, కాలువల నిర్వహణకు సమష్టి శ్రమ తప్పనిసరి. ఆ శ్రమను సమీకరించిన సంస్థ కల్పుల్లి.

భూమి ఎవరిది

కల్పుల్లి అనగా సుమారుగా ఒక పేట లేదా వాడ. దానికి తన ఆలయం, తన బడి, తన పెద్ద, తన భూములు ఉండేవి. భూమి కల్పుల్లిది, కుటుంబానికి అనుభవ హక్కు మాత్రమే. సొరీతా నివేదిక ప్రకారం ఆ హక్కు తండ్రినుండి కొడుకుకు సంక్రమించేది గాని, కారణం లేకుండా రెండేళ్లు పొలం బీడు పెట్టినవానిని హెచ్చరించి, అప్పటికీ సాగు చేయకపోతే భూమిని తిరిగి తీసుకొనేవారు. వృద్ధులకు, అనాథలకు, రోగగ్రస్తులకు ఈ నియమం వర్తించేది కాదు. పెద్ద వద్ద భూముల చిత్రపటాలు ఉండేవి. చేతులు మారినప్పుడల్లా వాటిని సవరించేవారు.

ఆ పటాల స్వరూపం తెలియజేసే చిత్రగ్రంథాలు తెస్కోకో ప్రాంతంలోని తెపెత్లావోస్తోక్ గ్రామాలకు చెందినవి నేటికీ మిగిలి ఉన్నాయి. ఇవి ఆక్రమణ జరిగిన రెండు దశాబ్దాల తరువాత తయారైనవే అయినా స్థానిక లేఖకుల పాత పద్ధతినే అనుసరించాయి. ప్రతి కుటుంబంలోని మనుషులు ఒకచోట, ఆ కుటుంబపు పొలాల నాలుగు భుజాల కొలతలు మరొకచోట, విస్తీర్ణం ఇంకొకచోట చిత్రించారు. 2008లో మరియా దెల్ కార్మెన్ హోర్హే, బార్బరా విలియమ్స్ ఈ అంకెలను పరిశీలించి, వంకర పొలాల వైశాల్యాన్ని కూడా నిర్దిష్టమైన గణిత పద్ధతులతో లెక్కగట్టారని నిరూపించారు. ప్రతి పొలం నడుమ నేల రకాన్ని తెలిపే గుర్తు ఉండటం మృత్తికాశాస్త్ర విద్యార్థులకు మరింత ఆసక్తికరం. నాహువాత్ల్‌లో నేలలకు పదుల సంఖ్యలో పేర్లు ఉన్నాయి: అతోక్‌త్లి అంటే నీరు తెచ్చి పోసిన ఒండ్రు, క్వావ్‌త్లల్లి అంటే కొయ్య, ఆకు కుళ్లి సారవంతమైన నేల, తెసోకిత్ల్ అంటే బంక నేల, తెకిష్కిత్లల్లి అంటే చౌడు నేల, తెపెతాతే అంటే గునపానికీ లొంగని గట్టిపొర. రైతు నేలను తాకి, తడిపి, చూసి చేసిన ఈ వర్గీకరణ పన్ను విధింపునకూ పునాది అయినది.

దీనినిబట్టి అది సమసమాజం అనుకోవడం సరికాదు. పిపిల్తిన్ అనే కులీనవర్గానికి సొంత భూములు, వాటిమీద పనిచేసే కౌలుదాసులు ఉండేవారు. సామాన్యులను మాసెహువల్తిన్ అనేవారు. వారు కప్పం చెల్లించాలి, కట్టలు వేయాలి, యుద్ధానికి వెళ్లాలి. అప్పు వల్లనో, నేరం వల్లనో, ఆకలి వల్లనో బానిసలైనవారూ ఉన్నారు. అయితే బానిసత్వం పిల్లలకు సంక్రమించేది కాదు. పోచ్‌తెకా అనే దూరదేశపు వర్తకులు సంపదలో కులీనులతో సమానమైనా దానిని బయటికి చూపకుండా జాగ్రత్తపడేవారు. సామాన్యుడు నూలు వస్త్రం ధరించరాదని, అతని పైవస్త్రం మోకాలు దాటరాదని శాసనాలు ఉన్నట్లు స్పానిష్ రచయితలు వ్రాశారు. ఆచరణ అంత కఠినంగా ఉన్నదా అనేది వేరు ప్రశ్న. మోరెలోస్ ప్రాంతపు గ్రామాలలో మైకేల్ స్మిత్ జరిపిన తవ్వకాలలో సామాన్యుల ఇళ్లలోనూ దూరప్రాంతపు కుండలు, అగ్నిశిల కత్తులు దొరికాయి. సంత అందరికీ అందుబాటులో ఉండేదనడానికి అవే ఆధారం. త్లాతెలోల్కో సంతకు రోజూ 60,000 మంది వచ్చేవారని కోర్తెస్ తన రాజుకు వ్రాశాడు. అంకెలో అతిశయం ఉండవచ్చు గాని, అక్కడ తగవులు తీర్చే న్యాయాధికారులు, చిల్లరగా చెల్లే కోకో గింజలు, ఆ గింజలలోనూ నకిలీలు ఉన్నట్లు పలు ఆధారాలు చెప్తున్నాయి.

ఇల్లు, పొయ్యి, సన్నికల్లు

బిడ్డ పుట్టగానే మంత్రసాని మగశిశువు చేతిలో చిన్న డాలు, బాణాలు, తండ్రి వృత్తి పనిముట్టు ఉంచేది; ఆడశిశువుకు చీపురు, కదురు, నూలు బుట్ట. మెన్దోసా చిత్రగ్రంథం 3 ఏళ్లనుండి 14 ఏళ్ల వరకు పిల్లల పెంపకాన్ని ఏడాదివారీగా చిత్రించినది. ప్రతి చిత్రం పక్కన ఆ వయసుకు పూటకు ఎన్ని రొట్టెలో గుర్తు వేశారు: 3 ఏళ్లకు సగం రొట్టె, 4, 5 ఏళ్లకు ఒకటి, 6 నుండి 12 వరకు ఒకటిన్నర, ఆపైన రెండు. 4 ఏళ్ల బాలిక నూలు వడకడం చూస్తుంది, 13 ఏళ్లకు పిండి రుబ్బి రొట్టెలు కాలుస్తుంది. బాలుడు నీళ్లు మోస్తాడు, సంతలో రాలిన గింజలు ఏరుతాడు, పడవ నడుపుతాడు, చేపలు పడతాడు. మాట వినని బిడ్డను మిరపకాయల పొగ మీదికి వంచిన చిత్రం కూడా అందులో ఉన్నది. యుక్తవయసులో కులీన, సామాన్య భేదం లేకుండా అందరికీ బడి ఉండేది. అయితే బడులు వేరు, బోధన వేరు.

తెల్లవారకముందే ప్రతి ఇంటా వినిపించేది సన్నికల్లు చప్పుడు. ముందురోజు రాత్రి మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి అలాగే నానబెట్టేవారు. దీనినే నిష్తమాల్ అంటారు. బూడిద అనే అర్థమున్న నాహువాత్ల్ పదం ఆ మాటలో ఇమిడి ఉన్నది. ఉదయం కడిగితే గింజ పైపొర ఊడిపోయేది. మెత్తబడిన గింజను రాతిమీద రుబ్బి, ముద్ద చేసి, మూడు పొయ్యిరాళ్లమీది మట్టి పెనంపై రొట్టెలు కాల్చేవారు. లేదా కండె ఆకులో చుట్టి ఆవిరిమీద కుడుములుగా ఉడికించేవారు. మరమిల్లులు రాకముందు మెక్సికో గ్రామాలలో ఈ రుబ్బుడుకే రోజుకు నాలుగు నుండి ఆరు గంటలు పట్టేదని 20వ శతాబ్దపు పరిశీలనలు తెలుపుతున్నాయి. అంటే పొలంలో పురుషుడు కర్రతో చేసిన శ్రమకు సమానమైన శ్రమను స్త్రీ రాతిమీద చేసినది. మిగిలిన వేళ ఆమె నేసిన బట్ట కప్పం చెల్లింపులో ప్రధానాంశం, సంతలో నాణెం వలె చెల్లుబాటయ్యే వస్తువు. సామ్రాజ్యపు లెక్కలలో వందల సంఖ్యలో కనిపించే వస్త్రాల మూటలన్నీ స్త్రీల పనిగంటలే.

సున్నం కొలనులో దొరికేది కాదు. సున్నపురాయి ఉన్న ప్రాంతాలనుండి రావాలి. తెపెయాకాక్ సీమ చెల్లించే కప్పంలో సున్నపు మూటలు ఉండటానికి ఆలయాల గోడలొక కారణం కాగా వంటిళ్లు మరొకటి.

ధాన్యంపట్ల వారి భావం సహగున్ నమోదు చేసిన నమ్మకాలలో తెలుస్తుంది. మొక్కజొన్నను కుండలో పోసేముందు స్త్రీ దానిమీద నోటితో వెచ్చని శ్వాస ఊదేది. నిప్పుకు అది భయపడకూడదని. నేలరాలిన గింజను చూసి ఏరకుండా పోతే ఆ గింజ దేవునికి మొరపెట్టుకొంటుందని చెప్పేవారు. 8 ఏళ్లకొకసారి జరిగే ఒక పండుగలో కొద్దిరోజులు ఉప్పు, మిరప, సున్నం ఏవీ తగలని కుడుములు మాత్రమే తినేవారు. ఇన్నేళ్లూ వాటితో మొక్కజొన్నను బాధించాము గనుక దానికి విశ్రాంతి ఇవ్వాలన్నది వారి వివరణ. భూమికి బీడు విడిచినట్లే ఆహారానికీ బీడు విడిచారు. ఇదే ప్రజలు వర్షదేవత త్లాలోక్‌కు పసిపిల్లలను బలి ఇచ్చారన్నది కూడా మరువరాదు. వర్షం తప్పితే ఏమవుతుందో వారికి అనుభవమే.

కుందేలు సంవత్సరం

1450లో మొదలైన అకాలపు మంచు, ఆపై వరుస అనావృష్టి 1454 నాటికి మహాక్షామంగా పరిణమించాయి. వారి పంచాంగంలో 1454 “ఒకటి-కుందేలు” సంవత్సరం. రాజు మొదటి మొక్తెసుమా ధాన్యాగారాలు తెరిపించి పంచిపెట్టాడు. అవి ఖాళీ అయిన తరువాత, ఎవరి దారి వారు చూసుకొనవచ్చునని ప్రజలకు అనుమతి ఇచ్చాడు. మెక్సికో సింధుశాఖ తీరంలోని తోతోనాక్‌లకు మంచి పంట ఉన్నది. వారు కావిళ్లతో మొక్కజొన్న తెచ్చి మనుషులను కొన్నారు. బాలికకు 400 కండెలు, బాలుడికి 500 కండెలు ధర అని దియెగో దురాన్ వ్రాశాడు. తిరిగి వచ్చినవారు కొద్దిమంది. “కుందేలు పట్టడం” అనే అర్థంలో ఒక క్రియాపదమే ఆ భాషలో పుట్టినది. ఆ తరువాతి దశాబ్దాలలో 1465లో చాల్కోను జయించడం, దక్షిణ సరస్సులలో చినాంపాలను వరుసకట్టి విస్తరించడం యాదృచ్ఛికం కాదని చరిత్రకారులు భావిస్తారు. సక్రమమైన దిశలో, సమమైన వెడల్పుతో ఉన్న ఆ మడుల జాడలను పెద్రో అర్మిల్యాస్ క్షేత్రపరిశీలన, విమాన ఛాయాచిత్రాల ద్వారా గుర్తించి 1971లో ప్రకటించాడు.

మిగిలినది, మిగలనిది

1520లో మశూచి, 1545లోనూ 1576లోనూ వచ్చిన మహామారులు జనాభాలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టాయి. పూడిక తీసే చేతులు లేక కాలువలు మూసుకుపోయాయి. నెసహువల్‌కోయోత్ల్ కట్ట యుద్ధంలోనే దెబ్బతిన్నది. నీటితో సహజీవనం చేసిన నగరంలో స్పానిష్ పాలకులు నీటిని శత్రువుగా చూశారు. 1607లో ఎన్రికో మార్తీనెస్ ఆధ్వర్యంలో కొండను తొలిచి సరస్సు నీటిని బయటకు మళ్లించే పని మొదలైనది. అయినా 1629లో ముంచిన వరదలో నగరం సుమారు ఐదేళ్లు నీటిలోనే ఉన్నది. సరస్సులు క్రమంగా ఎండిపోయాయి. వాటి బంకమట్టిమీద పెరిగిన నేటి మెక్సికో నగరం భూగర్భజలం తోడివేయడంవలన కుంగుతూనే ఉన్నది. సోచిమిల్కోలో మిగిలిన చినాంపాలను 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది.

తోటకూర జాతి ధాన్యానిది మరో కథ. దాని పిండిని తేనెతో ముద్దచేసి దేవతల ప్రతిమలు మలచి పంచుకొని తినే ఆచారం క్రైస్తవ సన్యాసులకు తమ మతసంస్కారపు వికృతానుకరణగా తోచినది. ఆచారంతోపాటు పంటకూ ఆదరణ పోయినది. ఒకనాడు మొక్కజొన్నతో సమానంగా కప్పపు గాదెలు నింపిన ధాన్యం మారుమూల గ్రామాల మిఠాయిగా మిగిలినది.

మొక్కజొన్న మాత్రం ప్రపంచమంతా ప్రయాణించినది. సన్నికల్లు, సున్నపు కుండ దానివెంట వెళ్లలేదు. ఐరోపా రైతుకు విత్తనం అందినది, వంట అందలేదు. గోధుమలాగే పొడిగా విసిరి జావ కాచుకొన్నారు. 1735లో స్పెయిన్‌లోని అస్తూరియాస్‌లో గాస్పర్ కసాల్ ఒక కొత్త చర్మరోగాన్ని వర్ణించాడు. ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరు వచ్చినది. 20వ శతాబ్దారంభంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో అది వేలమందిని బలిగొన్నది. అంటువ్యాధి కాదు, ఆహారలోపమని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించిన తరువాత, 1937లో కాన్రాడ్ ఎల్వెయెమ్ ఆ లోపం నియాసిన్ అని తేల్చాడు. మొక్కజొన్నలో నియాసిన్ ఉన్నా అధికభాగం శరీరం గ్రహించలేని బంధిత రూపంలో ఉంటుంది. క్షారంలో ఉడికించినప్పుడు ఆ బంధం విడిపోతుంది, పైగా గింజకు కాల్షియం చేరుతుంది. చిక్కుడు గింజలు ట్రిప్టోఫాన్‌ను, లైసిన్‌ను సమకూరుస్తాయి.

ఈ చరిత్రకు దక్కనుతోనూ సంబంధం ఉన్నది. జొన్న ప్రధానాహారమైన దక్కను పీఠభూమి పేదలలో పెల్లాగ్రా కనబడటాన్ని హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య అధ్యయనం చేశారు. మొక్కజొన్న, జొన్న రెండింటికీ ఉమ్మడి లక్షణమైన అధిక ల్యూసిన్ దీనికి కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదనపై తరువాత చాలా చర్చ జరిగినది. సమస్య గింజలోని నియాసిన్ పరిమాణం ఒక్కదానితో తేలేది కాదని మాత్రం అది ఎత్తిచూపినది. మెక్సికో గ్రామాలలోనైతే ఆక్రమణ, మహామారులు, భూముల అపహరణ అన్నీ జరిగిన తరువాత కూడా, మొక్కజొన్న తప్ప మరొకటి అరుదుగా దొరికిన పేద ఇళ్లలో సైతం పెల్లాగ్రా అరుదుగానే కనిపించినది. అక్కడ రాత్రిపూట సున్నపు కుండ పొయ్యిమీదనే ఉన్నది.